ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్: ముందు మీ ఇంటి కరెంటు స్లాబు చూడండి

ఎలక్ట్రిక్ కారంటే కిలోమీటరుకు రూపాయే ఖర్చని అందరూ చెప్తారు, కానీ మీ మీటరు ఏ స్లాబులో (వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే మెట్టు) తిరుగుతోందో చూడకుండా ఆ లెక్క నమ్మకండి. తెలంగాణలో 2022లో పెంచిన రేట్లతోనే చూద్దాం. ఇంటికి నెలకు 250 యూనిట్లు కాలుతున్నాయి, కారు 1,200 కిలోమీటర్లు తిరుగుతుంది అనుకుంటే, ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలిపి ఇంకో 190 యూనిట్ల దాకా పడతాయి. అవన్నీ పై స్లాబుల్లోకే వెళ్తాయి: 50 యూనిట్లు 7.70 చొప్పున, 100 యూనిట్లు 9 చొప్పున, మిగతా 40 యూనిట్లు 9.50 చొప్పున, మొత్తం 1,665 రూపాయలు. ఈవీ, అంటే ఎలక్ట్రిక్ వాహనాల కేటగిరీలో విడి మీటరు తీసుకుంటే యూనిట్ 6 రూపాయలే, అంటే 1,140, ఫిక్స్‌డ్ ఛార్జీ వేరు. బాగా తిరిగేవాళ్లు విడి మీటరే పెట్టించుకోండి. ఇంట్లో వాడకం తక్కువైతే ఉన్న కనెక్షన్‌తోనే ఛార్జ్ చేసుకోవచ్చు, 2024 నాటి కేంద్ర మార్గదర్శకాలు కూడా ఇంటి కనెక్షన్‌తో ఛార్జింగ్‌కి ఒప్పుకుంటాయి.

వైరింగ్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. నేను మొదట్లో ఏసీ కోసం వేసిన పాత సాకెట్‌కే పెట్టేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే ప్లగ్ తీయబోతే చెయ్యి చురుక్కుమంది, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిపోయి ఉంది. ఆ వేడి అంతా మనం డబ్బు కట్టిన కరెంటే, పైగా ప్రమాదం. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం వైరు లాగించి, కొత్త ఇండస్ట్రియల్ సాకెట్, ఎర్తింగ్ వేయించాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వాడకండి.

ఊరెళ్లేటప్పుడు 100 శాతం ఇంట్లోనే నింపుకుని బయల్దేరండి, ఎందుకంటే బయట ఫాస్ట్ ఛార్జింగ్ ఇంటి రేటుకి రెండింతలు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. యాప్‌లో కనిపించే రేటులో జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే చూసుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడకి వెళ్తూ సూర్యాపేటలో ఆగితే, విజయవాడ చేరడానికి ఎంత కావాలో అంతే ఎక్కించుకుని, మరో పది పదిహేను శాతం చేతిలో ఉంచుకుంటే చాలు. 80 శాతం దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది, నిమిషాల లెక్కన బిల్లు వేసే చోట అది మీ జేబుకే చిల్లు. హైవే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగానికి బదులు 85లో వెళ్తే బ్యాటరీ ఎంత మిగులుతుందో ఒక్కసారి మీరే చూడండి. రాత్రికి బంధువులింట్లో దిగితే వాళ్ల 15 యాంప్ సాకెట్ బాగుందో లేదో చూసి ఛార్జింగ్ పెట్టుకోండి, పొద్దున్న బయల్దేరేముందు ఆ యూనిట్ల డబ్బులు వాళ్ల చేతిలో పెట్టండి.