డోటా 2 పాఠాలు – 4: కనబడని శత్రువును లెక్కపెట్టడం

డోటా 2 ఐదుగురేసి ఉన్న రెండు జట్లు తలపడే కంప్యూటర్ ఆట. గత పాఠంలో క్రీప్‌లకు (రెండు జట్ల తరఫునా తమంతట తామే నడిచి పోరాడే చిన్న సైనికులకు) చివరి దెబ్బ కొట్టి బంగారం సంపాదించడం నేర్చుకున్నాం. ఆ సాధన పది ఆటలైనా చేసినవారు ఒక సంగతి గమనించి ఉంటారు: చివరి దెబ్బ మీద ధ్యాస పెరిగినకొద్దీ చావులు కూడా పెరుగుతాయి. కన్ను క్రీప్ ప్రాణరేఖకు అతుక్కుపోతుంది. ఆ సమయానికే చెట్ల చాటు నుంచి ఇద్దరు వచ్చి మీద పడతారు. ఈ పాఠం ఆ ఇద్దరి గురించి.

ఆదివారం మధ్యాహ్నాలు అమీర్‌పేటలో నేను కొత్తవారితో కూర్చుంటాను. ఉప్పల్ నుంచి వచ్చే ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఈ మధ్య ఒకే ఆటలో 11 సార్లు చనిపోయాడు. తన చేతి వేగం చాలడం లేదని బాధపడ్డాడు. ఆ ఆట రీప్లే తెరిచి, ప్రతి చావుకు 15 సెకన్ల ముందు ఆపి చూశాం. ఆపిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసుకున్నాం: ఈ క్షణంలో మినీమ్యాప్ (తెర మూలన ఉండే చిన్న పటం) మీద శత్రువులు ఎంతమంది కనబడుతున్నారు? 11 చావుల్లో 8 చోట్ల జవాబు ఇద్దరు, లేదా అంతకన్నా తక్కువ. కనీసం ముగ్గురి ఆచూకీ తెలియకుండానే అతను రెండు జట్ల నేలల మధ్య ఉన్న నది దాటి ముందుకు వెళ్లాడు. చేతి వేగం ఎంత పెరిగినా ఆ 8 చావుల్లో ఒక్కటీ తప్పేది కాదు.

కాబట్టి ఈ వారం నేర్చుకోవలసింది ఒక చిన్న తీసివేత. ఐదులోంచి, కనబడుతున్నవారి సంఖ్య తీసెయ్యండి. మిగిలినవారంతా మీ వైపే వస్తున్నారని అనుకుని ఆడండి. ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో మిగిలితే నది దాటకండి, మీ టవర్‌కు (దగ్గరికి వచ్చిన శత్రువును కొట్టే బురుజుకు) దగ్గరగా ఉండండి. అనుభవం వచ్చాక ఈ నియమాన్ని సడలించుకోవచ్చు. మొదటి వంద ఆటల్లో మాత్రం దీన్ని పట్టుదలగా పాటించమని నా సలహా.

చూపును అలవాటు చేసుకోవడం ఎలా? "మ్యాప్ చూస్తూ ఉండండి" అని చెబితే ఎవరూ చూడరు, నేనూ చూడలేదు. చూపును ఒక పనికి కట్టెయ్యాలి. ఆట మొదట్లో ప్రతి 30 సెకన్లకు ఒక క్రీప్ దండు బయలుదేరుతుంది. అందులో దగ్గరి నుంచి కొట్టేవి మూడు, దూరం నుంచి కొట్టేది ఒకటి. అంటే దండుకు నాలుగు చివరి దెబ్బలు. ప్రతి దెబ్బ తర్వాత, అది తగిలినా తప్పినా, కన్ను ఒక్కసారి మినీమ్యాప్ మీదికి వెళ్లి రావాలి. దెబ్బ, చూపు, దెబ్బ, చూపు. మొదటి రెండు రోజులు కొన్ని దెబ్బలు తప్పుతాయి, తప్పనివ్వండి. ఫోనులో మొబైల్ లెజెండ్స్ ఆడి, 2020 జూన్‌లో నిషేధం వచ్చాక ఇటు వచ్చినవారికి ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ మినీమ్యాప్ తెర పైభాగాన ఎడమవైపు ఉండేది, ఇక్కడ కింద ఎడమవైపు ఉంటుంది. కావాలంటే సెట్టింగుల్లో దాన్ని కుడివైపుకు మార్చుకోవచ్చు. ఎటు పెట్టుకున్నా రెండు వారాలు మార్చకండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎవరైనా కనబడకపోతే ఎక్కడికి వెళ్లి ఉంటారు?

మ్యాప్‌ను మన ఊరిలా ఊహించుకోండి. మూసీ పాతబస్తీకీ మిగతా ఊరికీ మధ్య పారినట్టు, ఇక్కడ నది రెండు జట్ల నేలలను వేరు చేస్తూ ఏటవాలుగా పోతుంది. క్రీప్ దండులు నడిచే పై, మధ్య, కింది దారులను లేన్‌లంటారు. మధ్యదైన మిడ్ లేన్ సరిగ్గా నది మధ్యలో ఉంటుంది. మెట్రోలో అమీర్‌పేట స్టేషన్ ఎలాంటిదో అది అలాంటిది. ఎరుపు, నీలం మార్గాలు కలిసే చోట నిలబడ్డవారు మియాపూర్ వైపైనా, నాగోలు వైపైనా మళ్లగలరు. మిడ్ ఆటగాడు కూడా పై లేన్‌కైనా కింది లేన్‌కైనా అర నిమిషం లోపే చేరతాడు. అందుకే ఐదుగురిలో అందరికన్నా ముందు లెక్కలోకి తీసుకోవలసింది అతన్నే.

అతను మాయమయ్యాడంటే మొదట గడియారం చూడండి. ఆరో నిమిషం నుంచి ప్రతి రెండు నిమిషాలకు నదిలో ఒక చివరో మరో చివరో శక్తి రూన్ (తీసుకున్నవారికి కొంతసేపు అదనపు బలం ఇచ్చేది) పుడుతుంది. 6, 8, 10 దగ్గరపడుతున్నప్పుడు మిడ్ ఆటగాడు కనబడకపోతే చాలాసార్లు దానికోసమే వెళ్లి ఉంటాడు. రూన్ దొరికాక ఖాళీ చేతులతో వెనక్కి పోవడం అతనికి ఇష్టం ఉండదు, పక్కనే మీ లేన్ ఉంది. తర్వాత క్రీప్‌లను చూడండి. మీ క్రీప్‌లను గబగబా చంపి, తన దండును మీ టవర్ కిందికి తోసి మాయమయ్యాడంటే, ఆ లేన్‌లో తనకు నష్టం రాకుండా కొంత సమయం సంపాదించుకున్నాడని అర్థం. ఆ సమయం వేట కోసమే. లీనా లాంటి హీరో (ఆటగాడు నడిపే పాత్ర) ఆరో లెవెల్ చేరి తన అతి బలమైన మంత్రం పొందిన తర్వాత ఇలా మాయమైతే టవర్ ముందు కూడా నిలబడకండి, వెనక్కి వెళ్లండి.

ఇదంతా ఒక్కరి తలలో ఉంటే సగం పనే జరిగినట్టు. మిడ్ ఆటగాడు మాయమైన సంగతి అందరికన్నా ముందు తెలిసేది అతనికి ఎదురుగా ఆడుతున్న మనవాడికి. చచ్చేది మాత్రం పై లేన్‌లో ఉన్న సపోర్ట్, అంటే జట్టుకు సాయపడే ఆటగాడు. ఈ రెంటి మధ్య దూరాన్ని దాటించేది మాట ఒక్కటే. గోల్కొండకు వెళ్లినవారు ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టే ఉంటారు. ఆ చప్పుడు దాదాపు కిలోమీటరు దూరాన, కొండమీది బాలా హిస్సార్‌లో వినబడుతుంది. ద్వారం దగ్గరివాడు కొండెక్కి కబురు చెప్పనక్కరలేదు, శత్రువును ఒంటరిగా ఆపనక్కరలేదు. చప్పట్లు కొడితే చాలు, పైవారికి సిద్ధపడే వ్యవధి దొరుకుతుంది. మిడ్‌లో ఆడేవారు ఈ ఒక్క పని మరచిపోకుండా చేస్తే, లేన్‌లో ఓడిపోయినా జట్టును నిలబెట్టినట్టే.

మాట ఎలా చెప్పాలన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం, కాస్త ఆగి చెబుతాను. మన భాషలో క్రియ చివర వస్తుంది. "మిడ్‌లో ఉన్న లీనా ఇందాకటి నుంచి కనబడటం లేదు, పైకి వస్తుందేమో" అన్న వాక్యం ముగిసేసరికి పై లేన్‌లో మనిషి పడిపోతాడు. ఆటలో వాక్యాన్ని తిప్పి, చోటుతో మొదలుపెట్టండి: "పైన! లీనా!" చోటు వినగానే ఆ లేన్‌లో ఉన్నవారి చెయ్యి కదులుతుంది, పేరు తర్వాత వచ్చినా నష్టం లేదు. "జాగ్రత్త" అన్న మాట ఒక్కటే అనకండి, ఎవరు ఎటు చూడాలో అది చెప్పదు. "అక్కడ", "ఇటు" కూడా పనికిరావు, మీ తెర అవతలివారికి కనబడదు. మా బృందంలో నలభై దాటిన ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. పిల్లలంతా ఆయనను "గారు" చేర్చి పిలుస్తారు, "సార్, మీరు కొంచెం వెనక్కి రండి" అంటారు. ఆట నడుస్తున్నంతసేపు మర్యాదలు పక్కన పెట్టి "పైన, మధ్య, కింద" అనే మూడు మాటలే వాడాలని ఆయనే నియమం పెట్టారు. ఆట అయ్యాక టీ దగ్గర మర్యాదలన్నీ తిరిగి వస్తాయి.

తెలియనివారితో ఆడుతున్నప్పుడు తెలుగు అక్కరకు రాదు. అప్పుడు కంట్రోల్, ఆల్ట్ మీటలు పట్టుకుని మ్యాప్ మీద నొక్కితే ప్రమాద సూచన పడుతుంది. ఒకసారి చాలు. పదిసార్లు నొక్కితే అది హెచ్చరికలా కాదు, తిట్టులా వినబడుతుంది. మనిషి చచ్చిన చోట సూచనలు నొక్కడం మరీ తప్పు. చావుకు ముందు పలికిన మాటకే విలువ ఉంది. తర్వాత పలికిన మాట ఆ మనిషి తర్వాతి ఐదు నిమిషాల ఆటను కూడా పాడుచేస్తుంది.

ఇక వార్డులు, అంటే నాటిన చోటు చుట్టూ ఏం జరుగుతుందో మీకు చూపించే వస్తువులు. అబ్జర్వర్ వార్డుకు డబ్బు కట్టనక్కరలేదు, ఆరు నిమిషాలు ఉంటుంది. దుకాణంలో నిల్వ మాత్రం పరిమితం, అందుకే ఎక్కడ నాటుతున్నారో ఆలోచించాలి. కొత్తవారు తాము నిలబడ్డ చోటే నాటుతారు, ఆ చోటు మీకు ఎలాగూ కనబడుతూనే ఉంది. శత్రువు మీ దగ్గరికి రావడానికి నడిచే దారి మీద నాటండి: మిడ్‌కూ మీ లేన్‌కూ మధ్య నది, అడవిలోంచి లేన్‌లోకి తెరుచుకునే సందు. పల్లంలోంచి మిట్ట మీదిది కనబడదు, చెట్లు చూపును అడ్డుకుంటాయి. కాబట్టి వీలైతే మిట్ట మీద నాటండి. అందరికీ తెలిసిన రాతి గుట్టల మీద మాత్రం వార్డు ఎక్కువసేపు బతకదు, అవతలివారు సెంట్రీ వార్డు (దాగి ఉన్న వార్డులను బయటపెట్టేది) పెట్టి వెతికేది ముందుగా అక్కడే.

రాత్రి గురించి ఒక మాట. ఆటలో ఐదు నిమిషాలు పగలు, ఐదు నిమిషాలు రాత్రి. పగలు ఎక్కువమంది హీరోల చూపు 1800 కొలతల దూరం పోతుంది, రాత్రి అది 800కు పడిపోతుంది. అబ్జర్వర్ వార్డు చూపు మాత్రం రాత్రి తగ్గదు. అందుకే చీకటి పడే ముందు నాటిన వార్డు ఎక్కువ ఉపయోగపడుతుంది. స్మోక్ (హీరోలను కొంతసేపు కనబడకుండా చేసే వస్తువు) వాడి వచ్చేవారు వార్డులకు కూడా కనబడరు. నలుగురు ఒకేసారి మాయమై, వార్డు ఉన్న దారి మీద కూడా ఎవరూ కనబడలేదంటే, ఆ ఖాళీని చూసి ధైర్యపడకండి.

ఈ వారం అభ్యాసం: మూడు ఆటలు ఆడండి. ప్రతి ఆట రీప్లే తెరిచి, మీ ప్రతి చావుకు 15 సెకన్ల ముందు ఆపండి. ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి: గడియారంలో సమయం, మ్యాప్ మీద కనబడిన శత్రువుల సంఖ్య, ఆ క్షణంలో జట్టులో ఎవరైనా ఏమైనా చెప్పారా లేదా. మీ జట్టువారు చనిపోయినప్పుడు మీకు ముందే తెలిసి చెప్పని సందర్భాలు ఉంటే అవి కూడా రాయండి. అందరికన్నా కష్టమైన వరుస అదే. కాగితం పారేయకండి. వచ్చే పాఠం రోషన్ అనే పెద్ద రాక్షసుడి గుహ దగ్గర జరిగే పోరాటం గురించి, దాన్ని ఈ కాగితంతోనే మొదలుపెడతాం.