బర్డాక్‌ను ఎన్నిసార్లు కోసినా ఎందుకు పోదు?

చిన్న బర్డాక్ (శాస్త్రీయంగా ఆర్క్టియం మైనస్) అనే కలుపు మొక్కకు పుట్టినిల్లు యూరప్. అమెరికా, కెనడాల్లో ఇప్పుడు కంచెల పక్కన, పాత పశువుల కొట్టాల చుట్టూ, పెరటి మూలల్లో విరివిగా పెరుగుతోంది. దీనితో వచ్చే ఇబ్బందులన్నిటికీ మూలం దాని రెండేళ్ల జీవితంలోనే ఉంది.

సమస్య: కోసిన ప్రతిసారీ మళ్లీ ఆకులు వేస్తోంది.

కారణం: మొదటి ఏడాది దీనికి కాండం ఉండదు. తమలపాకును పదింతలు చేసినట్టుండే ఆకులు నేలను కప్పేస్తాయి; వాటి అడుగున తెల్లని నూగు ఉంటుంది. ఆ ఆకులు తయారుచేసిన ఆహారం లోతుగా దిగిన తల్లివేరులో చేరుతుంది. గడ్డి కోసే యంత్రం ఆకులను తీసేస్తుంది గానీ, నేలమట్టంలో ఉన్న మొగ్గను తాకదు. రెండో ఏడాది ఆ నిల్వతోనే కాండం లేచి, పూసి, విత్తనాలు రాల్చి మొక్క చనిపోతుంది.

పరిష్కారం: మొదటి ఏడాది మొక్కయితే వాన పడి నేల మెత్తబడ్డాక సన్నపాటి పార దించి, వేరును వీలైనంత లోతులో తెంచండి. కాండం లేచిన మొక్కయితే ఊదారంగు పూలు విచ్చకముందే మొదలంటా నరకండి. పిలకలు వస్తే వాటినీ వదలవద్దు. తీరిక తక్కువైతే కాండం లేచినవాటినే ముందు చూడండి, వచ్చే ఏడాది మొలకలు వాటి విత్తనాల నుంచే వస్తాయి.

సమస్య: కుక్క బొచ్చులో కాయలు చిక్కుకున్నాయి.

కారణం: కాయ మీది ప్రతి ముల్లు చివరా చిన్న కొక్కెం ఉంటుంది. 1941లో స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రల్ తన కుక్కకు అంటుకున్న బర్డాక్ కాయలను సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. బూట్లకు, సంచులకు వాడే, అతికించి లాగి తీసే వెల్క్రో పట్టీకి మూలం అదే.

పరిష్కారం: లాగితే బొచ్చు ఊడుతుంది, కుక్కకు నొప్పి. చేతి తొడుగులు వేసుకుని, కాయను పట్టకారుతో నలిపి, కాస్త నూనె రాసి, ముక్కలను దువ్వెనతో తీయండి. కాయలను నోటితో పీక్కోనివ్వకండి. సన్నని ముళ్లు నాలుకలో, చిగుళ్లలో దిగి పుండ్లు పడతాయి. చొంగ కారుతున్నా, కన్ను ఎర్రబడినా పశువైద్యునికి చూపించాలి.

సమస్య: ఎండిన మొక్కకు చిన్న పక్షి చిక్కుకుంది.

హమ్మింగ్ పక్షులు, గబ్బిలాలు కూడా ఇలా చిక్కుకుని చనిపోతుంటాయి. ఇది చూస్తే ప్రాణం విలవిలలాడుతుంది. ఎండిన కాండాలను శరదృతువులోనే కోసి, కాయలు రాలకుండా సంచిలో మూటకట్టి పారేయండి. ఎరువు కుప్పలో వేయవద్దు.

సమస్య: ఇది మన మరులమాతంగేనా?

కాదు. మన చేలగట్ల మీద కనిపించే మరులమాతంగి కాయ కోలగా, గట్టిగా, కొనన రెండు కొమ్ములతో ఉంటుంది. లోపల రెండే గింజలు. బర్డాక్ కాయ గుండ్రంగా ఉండి, నలిపితే విడిపోయి బోలెడు గింజలు రాలుతాయి. జపాన్‌లో గోబో పేరుతో వేరు వండుకునే పెద్ద బర్డాక్‌తో పోల్చాలంటే మొదటి ఏడాది ఆకుకాడను అడ్డంగా కోయండి. చిన్న బర్డాక్ కాడ సాధారణంగా బోలుగా ఉంటుంది, పెద్దదానిది నిండుగా ఉంటుంది.