పాత ఫోటో మీద కత్తెర పెట్టే ముందు
హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఒక్కోసారి ఎవరివో స్టూడియో ఫోటోలు కూడా కనిపిస్తాయి. కొలాజ్ కోసం, అంటే ముక్కలు అతికించి చేసే బొమ్మ కోసం కొంటే అసలు ఫోటోని కత్తిరించకండి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, మెరుపు లేని మ్యాట్ పేపర్ మీద ప్రింట్ తీసి దాన్ని కోయండి. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్రో, వంకర చేతిరాతలో "చిన్నక్క, కాకినాడ" అనో ఉంటే, ముందున్న బొమ్మ కన్నా అదే బాగుంటుంది.

నల్ల అట్టల ఆల్బమ్‌కి అతుక్కుపోయిన ఫోటోని గోటితో లాగొద్దు. నేను అలాగే లాగి ఒక తాతగారి చెవి పోగొట్టాను! పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్ దారాన్ని ఫోటో కిందికి దూర్చి, రంపంలా మెల్లగా అటూ ఇటూ ఆడించండి. అంటించడానికి తడి గమ్ కన్నా గ్లూ స్టిక్ నయం, కాగితం ముడతలు పడదు.