గ్రేడింగుకు నోటు పంపేముందు నాలుగు అంచులూ చూడండి

మిరుగు దాటి ముసురు పట్టిందంటే వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు ఇళ్లలో కాగితమన్నదల్లా మెత్తబడుతుంది. కరెన్సీ నోట్లు సేకరించేవాళ్లు ఆలోపే బీరువా తెరిచి, మంచివి ఏరి గ్రేడింగుకు, అంటే నోటు స్థితిని బట్టి అంకె వేసే సంస్థకు, పంపేయాలనుకుంటారు. ఆ తొందరలో మడతలు, మరకలు చూస్తారు కానీ అంచులు చూడరు. మడత పడకుండా, మరక అంటకుండా మనం కాపాడుకోవచ్చు. సెంటరింగ్, అంటే అచ్చు కాగితానికి సరిగ్గా మధ్యలో ఉండటం, అలా కాదు. ప్రెస్సులో నోటు కోసిన రోజే అది ఖాయమైపోయింది, ఇక ఎవరూ బాగుచేయలేరు. కాబట్టి ఫీజు కట్టకముందే, ఎక్కువ ధర పెట్టి కొనకముందే చూసుకోవాలి.

నోట్లను పెద్ద షీటు మీద వరుసలుగా అచ్చువేసి తర్వాత మెషీన్ మీద కోస్తారు. కోత కాస్త జరిగితే చాలు, ఒకవైపు తెల్ల అంచు వెడల్పవుతుంది, ఎదురువైపు సన్నబడుతుంది. ముందువైపు చక్కగా మధ్యలో ఉన్న అచ్చు, తిప్పి చూస్తే వెనకాల ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు.

నోట్లకు గ్రేడు ఇచ్చే పీఎంజీ సంస్థ అంకెలు 70 దాకా ఉంటాయి. 60, ఆపైన వచ్చేవి చలామణిలో తిరగని నోట్లు. సెంటరింగ్ దెబ్బ గట్టిగా తగిలేది వీటికే. ఒక్క మడత లేకుండా కరకరలాడే నోటైనా, ఒకటి రెండు వైపులా అంచు తేడాగా ఉంటే సాధారణంగా 64 దగ్గరే ఆగిపోతుంది. 65, ఆపైన రావాలంటే మార్జిన్లు సగటు కన్నా మెరుగ్గా ఉండాలి, కాగితం సహజ స్థితిలో ఉందని చెప్పే ఈపీక్యూ గుర్తింపు కూడా రావాలి. 70కి అచ్చు మామూలు కంటికి సరిగ్గా మధ్యలో కనిపించాలి. 64కూ 66కూ మధ్య ధర ఎంత మారుతుందో కొనేవాళ్లకు తెలుసు. అందుకే బ్యాంకు కట్టలోంచి తీసిన నోటు కదా అని ధీమాగా ఉండకండి.

చూసే పద్ధతి కష్టమేమీ కాదు. నోటును కవర్లోంచి తీయకుండానే నల్ల చార్టు ముక్క మీద పెట్టండి. తెల్ల అంచు స్పష్టంగా తేలుతుంది. పారదర్శకమైన స్కేలు ఆనించి, అచ్చు ఆగిన చోటు నుంచి కాగితం చివరి దాకా నాలుగు వైపులా కొలవండి. ఎడమ 5 మిల్లీమీటర్లు, కుడి 2 వచ్చిందనుకోండి, ఆ నోటు మీద 65 ఆశ పెట్టుకోకండి. పైన, కింద కూడా అంతే. తర్వాత వెనక్కి తిప్పి మళ్లీ కొలవండి. కొత్తవాళ్లు ఒకచోట పొరబడతారు. వాటర్‌మార్క్ ఉండే ఖాళీ భాగాన్ని అంచు అనుకుని నోటు పక్కకు జరిగిందంటారు. అది డిజైన్‌లో భాగం, లెక్కలోకి రాదు. ఇంకో సంగతి: పక్క నోటు ముక్క కూడా కనిపించేంతగా కోత తప్పితే అది ఎర్రర్ నోటు, దానికి వేరే గిరాకీ ఉంది. అంచు కాస్త అటూఇటూ ఉన్న మామూలు నోటును ఎర్రర్ అని చెప్పి అమ్మజూపితే కొనకండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కత్తెర. వెడల్పైన వైపు ఒక్క గీత కోస్తే సమానమైపోతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి వినకండి. ప్రతి నోటుకూ నిర్ణీత కొలత ఉంటుంది. ఇప్పటి 500 నోటు 66 × 150 మిల్లీమీటర్లు, 2015లో మళ్లీ వచ్చిన రూపాయి నోటు 97 × 63. కోసింది కొలతలో పట్టుబడుతుంది, అప్పుడు 64 వచ్చే నోటు కూడా చెడిపోయిన నోటు కిందే లెక్క. ఇస్త్రీ కూడా వద్దు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే మడత తగ్గినట్టు కనిపిస్తుంది కానీ, ఉబ్బెత్తు అచ్చు అణిగిపోయి ఈపీక్యూ పోతుంది. ఇక సెంటరింగ్ ఎంత బాగున్నా 65 రాదు.

తాతల నాటి ట్రంకు పెట్టెల్లో దొరికే హాలీ సిక్కా నోట్ల సంగతి వేరు. నిజాం సర్కారు 1918 నుంచి తెచ్చిన ఈ నోట్ల మీద తెలుగు కూడా ఉంటుంది. 1934లో ఆజంజాహీ మిల్లు మొదలైననాడు వరంగల్లో చేతులు మారింది ఈ డబ్బే. ఇవి ఎక్కువగా వాడి నలిగినవి. వాటి గ్రేడు మడతలు, చిరుగులు, రంధ్రాలను బట్టి వస్తుంది, అంచు తేడా వాటికి చిన్న విషయం. సెంటరింగ్ బాగాలేదని అలాంటి నోటును తక్కువకు వదులుకోకండి. చిరిగిన చోట సెల్లోటేపు మాత్రం అంటించకండి.

వానాకాలానికి దాచేవి పాలిస్టర్ కవర్లలో పెట్టండి. పీవీసీ ఆల్బమ్ కొన్నాళ్లకు జిగటబారి నోటుకు అంటుకుంటుంది. చెమ్మ పట్టే గోడకు ఆనించిన అర వద్దు, నేల మీది పెట్టె అసలే వద్దు. 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మనం చూశాం. సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి.

డీలర్ ద్వారా పంపుతుంటే రెండువైపులా స్కాన్ తీసి దగ్గర పెట్టుకోండి, రసీదులో సీరియల్ నంబరు రాయించుకోండి. కవరు నోటు కన్నా కాస్త పెద్దది తీసుకుని రెండు గట్టి అట్టల మధ్య పెడితే మూలలు వంగవు. రద్దయిన 500, 1000 నోట్లు సేకరణ కోసమైతే 25 దాకా ఉంచుకోవచ్చని 2017 చట్టం చెబుతోంది, అంతకు మించి పోగేయకండి. పాత నోటుకు లక్షలిస్తామంటూ రిజర్వు బ్యాంకు పేరుతో ముందే కమిషన్ అడిగితే ఫోన్ పెట్టేయండి. అలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021లో ప్రకటించింది.