ఎక్స్‌టెండెడ్ వారంటీ: సంతకానికి ముందు ఏ పేజీ చూడాలి

మా హన్మకొండలో నేను కారుతో పాటు ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ వారంటీ అయిపోయాక కూడా రిపేర్లకు పనికొచ్చే ప్లాను, కొన్నప్పుడు సేల్స్ అబ్బాయి ఒకటే మాట: "అన్నీ కవరైతయి సార్." అన్నీ కావని క్లచ్ ప్లేటు పోయాక తెలిసింది. ములుగు రోడ్డు ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడిపి నడిపి 48 వేల కిలోమీటర్లకే అరగ్గొట్టాను. "ఇది అరుగుదల సార్, రాదు" అన్నారు. బిల్లు నేనే కట్టాను.

అందుకే ముందు "వర్తించనివి" ఉన్న పేజీ తీయండి. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు సాధారణంగా అక్కడే ఉంటాయి. ఇంజిన్, గేర్‌బాక్స్ లోపలి భాగాలు, ఏసీ కంప్రెసర్ లాంటివి వాటంతటవే పాడైతే చాలా ప్లాన్లలో వస్తాయి. ఎలుకలు వైర్లు కొరికితే మాత్రం రాదు. పార్కింగ్ పక్కనే బియ్యం బస్తాలున్న మాలాంటి వాళ్లకు అదే టెన్షన్.

2023 జులైలో వరంగల్ కాలనీలు మునిగాయి కదా, అలా నీళ్లు చొరబడి ఇంజిన్ పోతే వారంటీ పలకదు. అది ఇన్సూరెన్స్ సంగతి, అందులోనూ ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ తీసుకున్నారో లేదో చూడాలి. నీళ్లలో ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టకండి.

ఏళ్లు, కిలోమీటర్లు రెండింటిలో ఏది ముందు దాటితే వారంటీ అక్కడితో సరి. ఒక్క సర్వీసు తప్పినా క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. నా బిల్లులన్నీ డ్యాష్‌బోర్డు అరలో, రబ్బరు బ్యాండు వేసి ఉంటాయి.