నిద్ర కోసం మూలికలు మొదలుపెట్టే ముందు

వారానికి 3 రాత్రుల చొప్పున 3 నెలలుగా నిద్ర పట్టకపోతే, ముందు కారణం తేల్చుకోండి. గురక, థైరాయిడ్, టెన్షన్, సాయంత్రం కాఫీ... వీటిని వదిలేసి ఏ చూర్ణం తిన్నా పైపూతే.

– వేసుకుంటున్న మాత్రలన్నీ కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపించండి. నిద్రమాత్రకు జటామాంసి, వలేరియన్ లాంటి మత్తు కలిగించే మూలికలు తోడైతే మత్తు మరీ ఎక్కువవుతుంది, తెల్లారి బండి నడపడం ప్రమాదం. అలాగని నిద్రమాత్రను ఒక్కసారిగా మానేయకండి.

– అశ్వగంధ అందరికీ పడదు. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్, లివర్ సమస్యలున్నవాళ్లు అడగకుండా ముట్టుకోవద్దు. వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

– సర్పగంధ సొంతంగా అసలు వద్దు. అందులోని రిసర్పిన్ అనే రసాయనం బీపీని దించేస్తుంది, మనసునూ కుంగదీయగలదు.

– ఒకసారికి ఒకే మూలిక.