ఫిన్లే చుక్కలు వేయాలంటే

సిరా చుక్కలతో నీడలు వేసిన అమెరికన్ చిత్రకారుడు వర్జిల్ ఫిన్లే బొమ్మ చూపిస్తే చాలు, "ఏ పెన్ను వాడాడండీ?" అంటారు. పెన్ను సంగతి తర్వాత, ముందు కాగితం చూడండి. 1935 డిసెంబరులో 'వియర్డ్ టేల్స్' అనే వింత కథల పత్రికలో ఆయన బొమ్మలు మొదటిసారి అచ్చయ్యాయి. పల్ప్ పత్రిక, అంటే చవకరకం కథల పత్రిక కదా, కాగితమూ చవకే, గరుకు, సిరా పీల్చేసే రకం. ఇంత సన్న పని అచ్చులో నిలుస్తుందా అని సంపాదకుడు ఫార్న్స్‌వర్త్ రైట్‌కే అనుమానమొచ్చి, ముందు ట్రయల్ వేయించాడు. నిలిచింది. అలాంటి అచ్చులో నలుపు, తెలుపు తప్ప మరేదీ పడదు. మధ్యలో బూడిద రంగు కావాలంటే చేత్తో చుక్కలు పెట్టుకోవాల్సిందే.

మనకు నున్నటి ఐవరీ షీట్, ఇండియన్ ఇంక్, సన్న నిబ్బు, ఓ పాత కాటన్ గుడ్డ చాలు. నిబ్బు నిలువుగా పట్టుకోండి. లోహం కాగితానికి గుచ్చుకోకూడదు, మొనకున్న సిరా బొట్టు మాత్రమే తాకాలి. ఫిన్లే చుక్కచుక్కకీ మొన తుడిచేవాడట! మనం అంత చేయక్కర్లేదు, చుక్క లావెక్కుతోందనిపించగానే తుడవండి. తొందరపడితే చుక్కకి తోక మొలుస్తుంది.

కటిక నలుపు భాగాలు ముందే బ్రష్‌తో నింపేయండి. అక్కడి నుంచి వెలుగువైపు నడవండి. చుక్క సైజు మార్చొద్దు, చుక్కల మధ్య దూరమే పెంచుకుంటూ పోండి. వరసలు కట్టినా, రెండు చుక్కలు అంటుకున్నా కన్ను అక్కడే ఆగిపోతుంది. వెలుగున్న చోట చెయ్యే పెట్టకండి.

సాధనకి ముఖాల జోలికి పోకుండా బుడగలు వేయండి. ఫిన్లే తన బొమ్మల్లో ఆడవాళ్లకి బట్టల బదులు బుడగలు, మెరుపులు అడ్డం పెట్టేవాడు. సెన్సారు గొడవ తీరేది, చూసేవాడికి గుండ్రటి నీడ ఎలా తిరుగుతుందో పాఠమూ దొరికేది. నలుపు మీద తెల్లగీతలు కావాలంటే స్క్రాచ్‌బోర్డ్ (తెల్ల సుద్దపూత పూసిన అట్ట) మీద సిరా పూసి, పూర్తిగా ఆరాక బ్లేడు మొనతో గీకాలి. తడిగా ఉండగా గీకితే కింది సుద్దపూత పెళ్లలు లేచిపోతుంది.

అచ్చులో రావాల్సిన సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా వేయండి. పని సగంలో ఉండగానే అచ్చు సైజుకి తగ్గించి జిరాక్స్ తీయించండి. షాపులో వాళ్లు మంచి పేపరు పెడతామంటే వద్దనండి, నాసిరకందే పెట్టమనండి. చుక్కలు కలిసిపోయి మసైన చోట ఇక సిరా పోయకండి. మాయమైన చోట ఇంకాస్త దగ్గరగా పెట్టండి.